ప్లిజెన్‌లో తాగిన లాగరు, ఇంట్లో తెరిచిన లాగరు: ఇంత తేడా ఎందుకు? సరిగ్గా పోల్చడం ఎలా?

ఉప్పాడతీరం:

అందరికీ నమస్కారమండి. పోయిన సెప్టెంబర్‌లో ఆఫీసు పని మీద ప్రాగ్ వెళ్ళాను. శనివారం ఖాళీ దొరికింది. పొద్దున్నే రైలెక్కితే గంటన్నరలో ప్లిజెన్. 1842లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా ఆయన మొదటి పిల్స్‌నర్ (చల్లగా పులియబెట్టి నిలవుంచే లాగరు బీర్లలో లేత బంగారు రంగుది) తయారుచేసిన ఊరు అదే. పిల్స్‌నర్ ఉర్కెల్ బ్రూవరీ టూర్‌లో చివర్లో నేలమాళిగలోకి దింపుతారు. లోపల చలి, గోడలన్నీ చెమ్మ. అక్కడ ఓక్ పీపా కుళాయి తిప్పి నేరుగా గ్లాసులోకి పట్టి ఇచ్చారు. వడకట్టనిది, పాశ్చరైజ్ చెయ్యనిది. కాస్త మసకగా ఉంది. ముక్కు దగ్గర పెడితే అప్పుడే కాల్చిన బ్రెడ్డు వాసన, దాని వెనకే ఎండుగడ్డి లాంటిదేదో. నోట్లో ముందు సన్నటి తీపి, మింగాక చేదు. ఆ చేదు ఎంతసేపు నిలిచిందో! కానీ ఎక్కడా వెగటు లేదు.

హైదరాబాద్ వచ్చాక అదే తరహా యూరప్ లాగరు ఒకటి మా ఏరియా వైన్ షాపులో కనిపించింది. పచ్చ సీసా. బ్రాండు పేరూ షాపు పేరూ ఇక్కడ రాయను. మూత తియ్యగానే కాలిన రబ్బరు వాసన కొట్టింది. తాగితే తడిసిన అట్టపెట్టె నమిలినట్టుంది. ఇది డూప్లికేటా? లేక అక్కడి వాతావరణం, సెలవు మూడ్ వల్ల నాకు అక్కడ బాగా అనిపించిందా?

ఇంకోటి. మా బావ, నేను శనివారాలు ఇంట్లో రకరకాల బీర్లు తెచ్చుకుని పోల్చి చూస్తుంటాం. రెండు మూడు గ్లాసులయ్యేసరికి అన్నీ ఒకేలా అనిపిస్తాయి, లేదా ఎవరి బ్రాండు వాళ్ళకి గొప్పగా ఉంటుంది. దీనికో పద్ధతి ఉంటే తెలిసినవాళ్ళు చెప్పండి.

హాప్స్_పిచ్చి:

బ్రో, సింపుల్. మంచి సరుకు వాళ్ళు ఉంచుకుని తక్కువ రకం మన దేశానికి పంపిస్తారు. అన్ని వస్తువులకీ జరిగేదే. లోకల్ స్ట్రాంగ్ కొట్టి పడుకోవడం బెటర్.

మానేరుగట్టు:

తమ్మీ, నీ నాలుక నీకు నిజమే చెప్పింది. పైన తమ్ముడు అన్న 'తక్కువ రకం పంపుతరు' అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నేను బాట్లింగ్ లైన్ మిషన్లకు సర్వీస్ చేసే పనిల ఉన్న. ఇక్కడ, జర్మనీల, సీసాలు నిండే దగ్గర నిలబడి చానా చూసిన. ప్లాంటు గేటు దాటేటప్పుడు బీరు మంచిగనే ఉంటది. పాడయ్యేది తొవ్వల.

బీరుకు గాలి, వేడి, వెల్తురు మూడూ పడవు. నీ సీసాకు మూడూ తగిలినయని నువ్వు రాసిన రెండు వాసనలే చెప్తున్నయి.

కాలిన రబ్బరు వాసన వెల్తురుది. హాప్స్ అనే తీగ పూల నుంచి వచ్చే చేదు పదార్థం మీద ఎండ పడితే అది విరిగి గంధకంతోని కలుస్తది, ఆ కొత్త పదార్థం రవ్వంత ఉన్నా ముక్కు పట్టుకుంటది. నెలలు అక్కర్లేదు, నిఖార్సైన ఎండల నిమిషాలు చాలు. గోధుమరంగు సీసా ఆ వెల్తురును చానావరకు ఆపుతది. పచ్చ సీసా ఆపేది తక్కువ, తెల్ల సీసా అసలే ఆపదు. టిన్నుల ఈ బాధే లేదు. షాపుల ట్యూబ్‌లైట్ కింద, రోడ్డు దిక్కు అద్దాల ఫ్రిజ్‌ల ముందు వరుసల నిలబెట్టిన పచ్చ సీసా ఎన్ని వారాల సంది అట్లనే ఉన్నదో ఎవరికెరుక? కొనేటప్పుడు వెనక వరుసది తియ్యమను, లేకుంటే అట్టపెట్టెల నుంచి తీసి ఇమ్మను.

తడిసిన అట్ట రుచి గాలిది, వేడిది. ఇది నేను దగ్గరి నుంచి చూసిన ముచ్చట, జెర వివరంగ చెప్త. లైన్ మీద సీసా నిండినంక మూత పడేకన్న ముందు, సన్నటి వేడినీళ్ల ధార ఒకటి సీసా మెడలకు సూది గుచ్చినట్టు కొడతది. ఆ దెబ్బకు బీరు నురగై నోటిదాకా పొంగుతది, మెడల మిగిలిన గాలిని బయటికి నూకేస్తది. నురగ అంచు దాటుతుండంగ, సరిగ్గ అప్పుడే, క్రౌన్ మూత పడాలె. ధార ప్రెషర్ తగ్గితే నురగ సగంలనే ఆగుతది, లోపల గాలి మిగులుతది. ఎక్కువైతే బీరే పొర్లి పోతది. ఆ ఒక్క నాజిల్ సెట్ చేసేటందుకు ఆపరేటర్లు ఎంత తండ్లాడుతరో చూస్తే మూతకు విలువ తెలుస్తది. ఇంత చేసినా రవ్వంత ఆక్సిజన్ లోపల ఉండనే ఉంటది. చల్లగ పెడితే అది నెమ్మదిగ పనిచేస్తది, వేడిల ఉరుకుతది.

అమెరికా బ్రూవరీలల్ల 3-30-300 అని ఒక లెక్క చెప్తరు. 32 డిగ్రీల వేడిల 3 రోజులు, 22 డిగ్రీలల 30 రోజులు, 3 డిగ్రీల చల్లదనంల 300 రోజులు: మూడింటికీ బీరు ఒక్కతీరుగ పాతబడుతదట. మోటు లెక్కనే, కని అంచనాకు పనికొస్తది. ఇప్పుడు నువ్వే ఆలోచించు. ఓడల కంటెయినర్, రేవుల ఎండ, గోదాం రేకుల కింద మన మే నెల. ప్లిజెన్ నేలమాళిగ నుంచి నేరుగ నీ గ్లాసులకు వచ్చిన బీరును దీనితోని ఎట్ల పోలుస్తవ్? ఆడ నువ్వు తాగింది బీరు, ఈడ తాగింది ఆ ప్రయాణం. డూప్లికేట్ అనే అనుమానం నాకైతే రాలే.

అందుకే నా మాట ఒక్కటే. రెండు బీర్లను పోల్చాలంటే ముందు వాటి వయసు, వేడి, వెల్తురు సమానం చెయ్యి. అవి సమానం కాకుంటే నువ్వు పోల్చేది బ్రాండ్లను కాదు, గోదాంలను. లేబుల్ మీద తయారీ తేదీ చూడకుండ నేను సీసా ముట్టను. హాప్స్ వాసన ఘాటుగ ఉండాల్సిన ఐపీఏ అనే బీరు రకం మూడు నెలలు దాటితే నేను కొననే కొనను, ఎందుకంటే ముందుగాల పోయేది ఆ వాసననే. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) బరువు ఎక్కువుండే నల్ల బీర్లు, ఆల్కహాల్ ఎక్కువున్న బెల్జియం బీర్లు ఇంకొంచెం ఓర్చుకుంటయి.

ఇగ ఇంట్ల పద్ధతి. మీ బావ, నువ్వు బ్రాండు చూసుకుంట తాగుతున్నరు, గదే తిప్పలు. ట్రయాంగిల్ టెస్ట్ అని ఒకటున్నది. డెన్మార్క్‌ల కార్ల్స్‌బర్గ్ బ్రూవరీల 1940లల్ల మొదలైన పద్ధతి, ఇప్పటికీ ప్రపంచమంత వాడుతరు. ఒక్క తీరు గ్లాసులు మూడు తీసుకో. రెండింట్ల ఒకే బీరు, మూడోదాంట్ల వేరే బీరు. పోసేటోడు వేరే అర్రల పోసి, గ్లాసు అడుగున నంబరు రాసి తేవాలె. తాగేటోడు ఏది వేరేదో చెప్పాలె. ఏది మంచిగున్నదని అడగొద్దు, ఏది వేరేదని మాత్రమే అడుగు. ఊరికె చెప్పినా మూడింట్ల ఒకసారి కరెక్ట్ అయితది గనుక గ్లాసుల జాగలు మార్చుకుంట మళ్ల మళ్ల చెయ్యాలె. స్టాటిస్టిక్స్ చదివినోళ్లకు 'స్టూడెంట్ టీ-టెస్ట్' యాదికుంటది. ఆ 'స్టూడెంట్' డబ్లిన్‌ల గిన్నెస్ బ్రూవరీల పనిచేసిన విలియం గాసెట్. 1908ల ఆ పేరు మీదనే అచ్చేసిండు. బార్లీ, హాప్స్ కొద్దిపాటి శాంపిళ్లతోని ఎట్ల తేల్చాల్నన్న అవసరంల నుంచే పుట్టింది ఆ లెక్క. బీరును పోల్చుడు ఎంత పట్టింపుగల్ల పనో ఇదే చెప్తది.

చల్లదనం గురించి. మన బార్లల్ల మంచుగడ్డ కట్టిన మగ్గుల పోసిస్తరు. ఎండల పడొచ్చినోనికి అది హాయి, నేను కాదన. కని పోల్చేటప్పుడు ఆ చలికి నాలుక మొద్దుబారుతది, వాసన పైకే రాదు. లాగరైతే ఫ్రిజ్‌ల నుంచి తీసి పది నిమిషాలు బయట పెట్టు, 6-7 డిగ్రీలకు వస్తది. ఏల్స్ (లాగరు కన్న వెచ్చగ పులిసే బీర్లు), స్టౌట్‌లైతే (నల్ల బీర్లు) ఇంకా ఎక్కువసేపు, 10-12 దాకా. ఇంగ్లండ్ పబ్బులల్ల పీపాల నుంచే పోసే క్యాస్క్ ఏల్ ఆ వేడిలనే ఇస్తరు. మనోళ్లు ఆడికి పోయి 'కూలింగ్ లేదు' అంటరు గని, ఆ బీరు అట్ల తాగాల్సిందే.

గ్లాసుకు జిడ్డు ఉండొద్దు. జిడ్డుంటే నురగ ఉరుక్కుంట పడిపోతది. గ్లాసు తడిపి లోపల ఉప్పు చల్లు, అంతటా అంటితే శుభ్రంగున్నట్టు, యాడన్న జారితే ఆడ జిడ్డున్నట్టు. మళ్ల కడుగు.

మంచింగ్ పక్కకు పెట్టు. మిర్చి బజ్జీ, చికెన్ 65 తిన్న నోటికి హాప్స్ చేదు అందదు. ఉప్పులేని మరమరాలు, మంచినీళ్లు, అంతే. పోల్చుడు అయినంక బజ్జీలు తినుండ్రి. వరుస కూడ చూసుకో: తేలికదాని నుంచి బరువుదానికి, చేదు తక్కువదాని నుంచి ఎక్కువదానికి. స్ట్రాంగ్ ముందు తాగితే తర్వాత లైట్ బీరు నీళ్ల లెక్క ఉంటది. మన దగ్గర స్ట్రాంగ్ అంటే 5 శాతం దాటి 8 దాకా, పిల్స్‌నర్ ఉర్కెల్ 4.4. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పని అడిగితే జవాబు దొరకదు. ఒక్క పూట ఒక్క రకం లోపల్నే పోల్చు. గ్లాసుకు వంద మిల్లీ పోసుకుంటే చాలు, మూడో గ్లాసుకు నాలుక మొద్దుబారదు.

ప్రయాణంలనైతే ఒకటే చేస్త. ఏ ఊరికి పోతే ఆ ఊరి రకాన్ని, రెండు వేర్వేరు బ్రూవరీలది, ఒకే సాయంత్రం తాగుత. జర్మనీల బాంబెర్గ్ అనే ఊర్ల ష్లెంకెర్లా బ్రూవరీ ఉన్నది, బీచ్ కట్టెల పొగల ఆరబెట్టిన మాల్ట్‌తోని చేస్తరు. ముక్కు దగ్గరికి తెస్తనే పొగబెట్టిన మాంసం వాసన. మొదటి గ్లాసుకే తేల్చెయ్యొద్దని ఆ ఊరోళ్లే చెప్తరు. అదే ఊర్ల స్పెత్సియల్ అని ఇంకో బ్రూవరీ, వాళ్లది కూడ పొగ బీరే, కని పొగ మెత్తగుంటది. రెండూ తాగితేనే పొగ అంటే ఒక్క రుచి కాదని తెలుస్తది. యాదిలున్న బీరుతోని చేతిలున్న బీరును పోల్చుడు నాకు నమ్మకం లేదు. అందుకే ఆడనే ఫోన్‌ల రాసుకుంట: ట్యాపా సీసానా, తేదీ, నురగ ఎంతసేపు ఉన్నది, మింగినంక ఏం మిగిలింది.

రైన్_ఒడ్డున:

మానేరుగట్టు గారు రాసింది చదువుతుంటే మా కొలోన్ గుర్తొచ్చింది, అదే ఊర్లో కూర్చుని! ఉద్యోగం ఇక్కడే. ఇండియా నుంచి వచ్చే చుట్టాలందరినీ బీరు రుచి చూపించడానికి తీసుకెళ్ళే బాధ్యత నాదే.

ఇక్కడి బీరు కోల్ష్. గ్లాసు సన్నగా నిటారుగా ఉంటుంది, పట్టేది 200 మిల్లీ లీటర్లే. మన బావగార్లు మొదట చూసి "ఇదేంటమ్మా, మందు తాగించే గ్లాసులా ఉంది" అంటారు. కారణం ఉంది. కోల్ష్ నురగ త్వరగా పోతుంది, వేడెక్కితే రుచి చప్పబడుతుంది. చిన్న గ్లాసైతే చివరి గుక్క కూడా తాజాగానే ఉంటుంది. సర్వర్లని కోబెస్ అంటారు. గ్లాసు ఖాళీ అవగానే అడక్కుండానే ఇంకోటి పెట్టి, గ్లాసు కింద అట్ట మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తారు. చాలనుకుంటే ఆ అట్టని గ్లాసు మీద మూతలా పెట్టాలి. పెట్టకపోతే తెస్తూనే ఉంటారు.

పోల్చి చూడాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి ఊరు లేదని నా అభిప్రాయం. ఫ్రూహ్, పేఫ్‌గెన్, గాఫెల్ అనే బ్రూవరీలు, అందరిదీ ఒకే రకం. అందరూ ఇక్కడి బ్రూవరీలు చేసుకున్న 1986 నాటి కోల్ష్ ఒప్పందానికి కట్టుబడి చేసేవాళ్ళే. పైకి చూస్తే ఒకటే రంగు. మూడింటికీ నడిచి వెళ్ళొచ్చు. నాకు పేఫ్‌గెన్‌లో చేదు కాస్త ముందుకొస్తుంది, ఫ్రూహ్ మెత్తగా, కొంచెం పండు వాసనతో ఉంటుంది. మీకు వేరేగా అనిపించొచ్చు, వచ్చి చూడండి.

మరుసటి రోజు రైల్లో డ్యుస్సెల్‌డార్ఫ్, దగ్గర దగ్గర 40 కిలోమీటర్లు. అక్కడ ఆల్ట్. రాగి రంగు, కాల్చిన మాల్ట్ రుచి. అక్కడి ఊరిగె బ్రూవరీ వాళ్ళది గట్టి చేదు, నాకు చాలా ఇష్టం. కోల్ష్, ఆల్ట్ రెండూ పైన పులిసే ఈస్ట్‌తో చేసి తర్వాత చల్లగా నిలవబెట్టేవే. తేడా అంతా మాల్ట్‌లో, హాప్స్ పాళ్ళలో. ఒక ఊళ్ళో ఇంకో ఊరి బీరు అడక్కండి, ముఖాలు మారిపోతాయి. ఇది నిజంగా చెప్తున్నాను.

ఉప్పాడతీరం గారూ, ఇంటికి తీసుకెళ్ళాలనుకుంటే డ్యూటీ లేకుండా రెండు లీటర్ల వరకే. అర లీటరు సీసాలు నాలుగు. చెకిన్ బ్యాగులో ఒక్కోదాన్నీ టవల్లో చుట్టి మధ్యలో పెట్టండి. కోల్ష్ మాత్రం మొయ్యకండి, ఇక్కడ తాగి వెళ్ళడమే మంచిది. బాంబెర్గ్ పొగ బీరో, మ్యూనిక్ డాప్పెల్‌బాకో (ఆల్కహాల్ ఎక్కువున్న బరువైన లాగరు) అయితే ప్రయాణానికి తట్టుకుంటాయి.

అత్తిలి_టు_ఆస్టిన్:

వాసనలు గుర్తుపట్టడం ఎలా అని ఎవరూ రాయలేదు కాబట్టి మా ఇంటి పద్ధతి చెప్తానండి. టేబుల్ మీద గ్లాసులతో పాటు వంటింట్లోంచి చిన్న చిన్న గిన్నెలు తెచ్చి పెడతాం. ఒకదాంట్లో లవంగాలు, ఒకదాంట్లో కాస్త నలిపిన ధనియాలు, ఒకదాంట్లో కమలా తొక్క, పక్కనే బాగా మగ్గిన అరటిపండు. బవేరియా గోధుమ బీరు వాసన చూసి వెంటనే అరటిపండు, లవంగం గిన్నెలు చూడండి. అందులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. ఆ ఈస్ట్ పులిసేటప్పుడు ఆ వాసనల్ని అదే పుట్టిస్తుంది. బెల్జియం విట్‌బీర్ అలా కాదు, అందులో ధనియాలు, కమలా తొక్క నిజంగానే వేస్తారు. రెండూ గోధుమ బీర్లే, రెండూ మసకగానే ఉంటాయి. ఈ గిన్నెల పని చేశాక మా ఆవిడ కళ్ళు మూసుకుని కూడా తేడా చెప్పేస్తోంది, నాకన్నా బాగా.

ఈ విట్‌బీర్‌కి మా ఆస్టిన్‌తో ఓ బంధం ఉంది. బెల్జియంలో హోగార్డెన్ అనే ఊళ్ళో 1950ల్లో చివరి విట్‌బీర్ బ్రూవరీ మూతపడింది. పియర్ సెలిస్ అని పాలు పోసే ఆయన, కుర్రతనంలో ఆ బ్రూవరీలో పనిచేసిన అనుభవంతో, 1966లో మళ్ళీ మొదలెట్టారు. తర్వాత అది పెద్ద కంపెనీ చేతిలోకి వెళ్ళాక ఆయన టెక్సాస్ వచ్చి 1992లో ఆస్టిన్‌లో బ్రూవరీ పెట్టారు. ఒక రకం బీరు లోకంలో లేకుండా పోకుండా ఒక మనిషి నిలబెట్టాడంటే నాకు ఆయన మీద ఎంత గౌరవమో చెప్పలేను. హైదరాబాద్‌లో ఆ ఊరి పేరుతోనే వచ్చే హోగార్డెన్ బీరు దొరుకుతుంది కదా, దానితో పోల్చడానికి బెంగళూరు టాయిట్ లాంటి, సొంతంగా బీరు చేసే పబ్‌లో జర్మన్ తరహా వైస్ (గోధుమ బీరు) తాగి చూడండి. గిన్నెలు మర్చిపోకండి.

ఇక్కడ టిన్ను అడుగున ఏ రోజు నింపారో తేదీ కొట్టి ఉంటుంది, చాలా బ్రూవరీలు అలా చేస్తాయి. నేను షాపులో టిన్నులు తలకిందులు చేసి చూస్తుంటే మొదట్లో మా ఆవిడకి ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు తనే చూసి ఇస్తోంది.

ఈతచెట్టు_జనగామ:

అన్నా మానేరుగట్టు, ఒక డౌటు. బెల్జియంల పుల్లటి బీరు ఉంటదట, గాలిల ఉన్న ఈస్ట్‌తోనే పులుస్తదట. గది మన కల్లు లెక్కనేనా?

మానేరుగట్టు:

మంచిగడిగినవ్ తమ్మీ. గది లాంబిక్. బ్రసెల్స్‌ల కాంటియోన్ అని 1900ల మొదలైన బ్రూవరీ, మ్యూజియం లెక్క లోపలికి పోయి చూడొచ్చు. అటక మీద వెడల్పుగ, లోతు తక్కువగ రాగి తొట్టి ఉంటది. మరగబెట్టిన రసం రాత్రంత అండ్ల ఆరుతది, కప్పు సందుల నుంచి వచ్చే చల్లగాలితోని ఈస్ట్, బ్యాక్టీరియా వాటంతటవే పడతయి. అందుకే చలికాలంలనే చేస్తరు, ఎండకాలం చెడగొట్టే సూక్ష్మజీవులు ఎక్కువ. తర్వాత పీపాలల్ల ఏండ్లకొద్ది ఉంచుతరు. ఒక ఏడుది, రెండేండ్లది, మూడేండ్లది కలిపితే గ్యూజ్.

కల్లుకూ దానికీ చుట్టరికం ఉన్నది గని తీరు వేరు. కల్లు పొద్దున చెట్టు దిగంగ తియ్యగుంటది, పొద్దుగూకేసరికి పులుస్తది. లాంబిక్‌కు పట్టే ఏండ్లు కల్లుకు పూటల్ల అయిపోతయి. ఈతకల్లు, తాటికల్లు తాగి పెరిగినోనికి గ్యూజ్ మొదటి గుక్కల భయం పెట్టదు. నాతోని వచ్చిన జర్మన్ టెక్నీషియన్ ముఖం వంకర పెట్టిండు, నాకైతే ఇంటి వాసన తగిలింది. కుండకు సున్నం పూసి పులవకుండ దించే నీరా తాగి, తెల్లారి దించిన కల్లు తాగి, అదే కల్లు సాయంత్రం మళ్ల తాగి చూడు. పులుపు ఎట్ల ఎక్కుతదో నీ నాలుకకే అర్థమైతది. పులిసిన వాసనలు గుర్తుపట్టుడు నేర్చుకునేటోళ్లకు ఇంతకంటే మంచి బడి యాడ దొరుకుతది? గీత కార్మికులను అడుగు, ఏ చెట్టు కల్లు ఎట్లుంటదో మూత తియ్యకముందే చెప్తరు. మన ఏజెన్సీ దిక్కు జీలుగు కల్లు ఇంకో తీరు, దొరికితే వదలకు.

ఉప్పాడతీరం:

అందరికీ పెద్ద పెద్ద థాంక్స్ అండి. చెప్పినవన్నీ చేశాం.

ముందు ఎండ సంగతి. ఒకే సీసా పిల్స్‌నర్‌ని రెండు గాజు గ్లాసుల్లో పోసి పైన ప్లేటు మూత పెట్టాం. ఒకటి బాల్కనీ పిట్టగోడ మీద ఎండలో, ఒకటి లోపల అలమరాలో. టీ పెట్టుకుని తాగేంతసేపు ఉంచి, రెండింటినీ మళ్ళీ ఫ్రిజ్‌లో చల్లబరిచి వాసన చూశాం. బాల్కనీ గ్లాసులో అచ్చంగా ఆ పచ్చ సీసా వాసనే! మా బావ నమ్మలేదు, గ్లాసులు అటూ ఇటూ మార్చి మళ్ళీ చూపించమన్నాడు. మార్చినా దొరికిపోయింది. ఇంక అనుమానం లేదు.

తర్వాత ట్రయాంగిల్. మా చెల్లి వంటింట్లో పోసి తెచ్చింది. ఒకే బ్రాండు లైట్ లాగరు, తయారీ తేదీల మధ్య నాలుగు నెలల తేడా ఉన్న రెండు సీసాలు. ఇద్దరం ఎక్కువసార్లు పట్టుకున్నాం. కొత్తదాంట్లో మింగాక చేదు పదునుగా ఉంది, పాతదాంట్లో తేనె లాంటి తీపి వాసన, చివర్లో అట్ట. కానీ తమాషా ఏంటంటే, రెండు వేర్వేరు కంపెనీల లైట్ లాగర్లు, ఒకే నెలవి, ఒకే చల్లదనంలో పెడితే చాలాసార్లు తేల్చుకోలేకపోయాం. మా బావ ఇన్నేళ్ళుగా ఒక బ్రాండు తప్ప ముట్టనన్నవాడు, అందులో తన బ్రాండుని గుర్తుపట్టలేదు. ఇది సరైన ఫలితమేనా, లేక మేం ఎక్కడైనా పొరపాటు చేశామా?

మానేరుగట్టు:

ఫలితం కరెక్టే తమ్మీ, పద్ధతి కూడ కరెక్టే. మన దగ్గర దొరికే లైట్ లాగర్లు చానావరకు ఒకే దారిల చేస్తరు: మాల్ట్‌తోని బియ్యమో మక్కలో కలుపుతరు, హాప్స్ తక్కువ, వడకట్టుడు, పాశ్చరైజ్ చేసుడు. ఎండకు దాహం తీర్చేటట్టు చేసిన బీర్లు అవి, ఆ పని మంచిగ చేస్తయి. వాటి మధ్యల తేడా కంటే వయసు తేడా పెద్దగ కనవడుడు సహజమే. మీ బావకు ఆయన బ్రాండు నచ్చితే అదే తాగమను. కాకపోతే కొత్త తేదీది వెతికి తాగమను, తేడా ఆయనకే తెలుస్తది.

మళ్లీసారికి ఇది చెయ్యుండ్రి. ఒకే సీసా స్టౌట్, సగం ఫ్రిజ్‌ల నుంచి తీసినట్టే, సగం 12 డిగ్రీలకు వచ్చినంక. రెండింటినీ పక్కపక్కన పెట్టి కాఫీ, మాడిన బ్రెడ్డు ఏ గ్లాసుల ముందుగాల అందుతయో రాయుండ్రి. సీసా తెరిచి సగం పోసినంక మూత గట్టిగ పెట్టు, గ్యాస్ పోతే లెక్క తప్పుతది. థర్మామీటర్ లేకుంటే వంటకు వాడే డిజిటల్‌ది మూడు వందల లోపల వస్తది, కొనుక్కో. తేదీ మాత్రం చూసి కొను.

రైన్_ఒడ్డున:

స్టౌట్ ఫలితం కూడా ఇక్కడే రాయండి. మా ఇంట్లో ఈ ఆదివారం అదే చేస్తున్నాం, పక్కింటి వాళ్ళు కూడా వస్తున్నారు. గిన్నెల్లో కాఫీ పొడి, చాక్లెట్ ముక్క, మాడ్చిన బ్రెడ్డు పెడుతున్నాను. అత్తిలి గారూ, ఇంకేమైనా పెట్టాలా?

అత్తిలి_టు_ఆస్టిన్:

బెల్లం ముక్క ఒకటి పెట్టండి అమ్మా, నల్లబెల్లం దొరికితే ఇంకా మంచిది. బరువైన స్టౌట్‌లో తప్పకుండా తగులుతుంది.